మొండిబాకీ అయిన చదువు అప్పు: తిరిగి నిలబడే దారేది?

ఇంటి కోసం అప్పు చేసి కట్టలేకపోతే బ్యాంకు చేతికి ఇల్లు వస్తుంది. ట్రాక్టరు కోసం చేస్తే ట్రాక్టరు వస్తుంది. చదువు కోసం చేసిన అప్పుకు వెనక ఉండేది ఒక పట్టా, ఆ పట్టాకు దొరుకుతుందనుకున్న ఉద్యోగం. ఆ ఉద్యోగం రాకపోతే జప్తు చేసుకోవడానికి ఏమీ ఉండదు. పద్దెనిమిదేళ్లకే సంతకం పెట్టిన విద్యార్థి, పక్కన సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రో తల్లో మిగులుతారు. క్రెడిట్ బ్యూరో రికార్డులో వాళ్ల పేర్ల పక్కన పడ్డ మచ్చ మిగులుతుంది.

ఈ సమస్య మీద మన దేశంలో ఇరవై ఏళ్లుగా సాగుతున్న వాదనలో ఒకరు వసూలు చేయాలంటారు, ఇంకొకరు మాఫీ చేయాలంటారు. బాకీ పడ్డ మనిషి మళ్లీ పరపతి ఎలా సంపాదించుకోవాలన్న మూడో ప్రశ్నను ఇద్దరూ దాటేశారు. బ్యాంకుల నియమాలు, రిజర్వు బ్యాంకు ఆదేశాలు, హైకోర్టుల తీర్పులు, ఎన్నికల హామీలు ఒకదాని మీద ఒకటి పేరుకుని చర్చ చిక్కుపడింది. మొదటి నుంచీ విప్పి చూస్తే తప్ప ఎక్కడ ముడి పడిందో తెలియదు.

అప్పు పుట్టిన తీరు

చదువుల అప్పుకు దేశమంతటికీ ఒకే నమూనా వచ్చింది 2001లో. కెనరా బ్యాంకు ఛైర్మన్‌గా ఉన్న ఆర్.జె. కామత్ నాయకత్వంలోని బృందం సిఫార్సుల మీద ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ మాదిరి విద్యా రుణ పథకాన్ని తయారు చేసింది. అందులో ప్రాణం లాంటి నియమం ఒకటుంది: 4 లక్షల రూపాయల దాకా బ్యాంకు తనఖా అడగకూడదు. 4 లక్షలు దాటితే మూడో మనిషి పూచీ, 7.5 లక్షలు దాటితే ఆస్తి తనఖా. సెంటు భూమి లేని ఇంటి పిల్లలు బ్యాంకు గుమ్మం తొక్కగలిగింది ఈ నియమం వల్లనే.

2009-10 నుంచి, ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు చదివే కాలంలోనూ ఆ తర్వాత వాయిదాలు కట్టనక్కర్లేని గడువులోనూ (మారటోరియం) పడే వడ్డీని కేంద్రమే భరించే పథకం వచ్చింది. 2015లో 7.5 లక్షల దాకా అప్పు మీద బ్యాంకుకు 75 శాతం హామీ ఇచ్చే నిధి ఏర్పడింది. విద్యాలక్ష్మి పోర్టల్ కూడా అదే ఏడాదిది. తిరిగి కట్టే గడువు 15 ఏళ్ల దాకా పెరిగిందీ అప్పుడే. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి, ఎంపిక చేసిన 860 సంస్థల్లో సీటు వచ్చినవారికి పూచీ, తనఖా లేకుండా అప్పు ఇప్పిస్తానంటోంది. 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 10 లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది.

ఈ చరిత్రంతా అప్పు దొరకడం గురించి. కట్టలేని రోజు వస్తే ఏం జరగాలన్నది మాత్రం ఏ పథకంలోనూ పెద్దగా కనిపించదు.

తెలుగు రాష్ట్రాల కథ కొంచెం వేరు. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును విస్తరించాక, కన్వీనర్ కోటాలో ఇంజినీరింగ్ చేరిన పేద విద్యార్థికి ట్యూషన్ ఫీజు కోసం అప్పు చేయాల్సిన అవసరం బాగా తగ్గింది. ఇక్కడ అప్పు బరువు ఎక్కువగా విదేశీ చదువుల మీద, ప్రైవేటు విశ్వవిద్యాలయాల మీద, యాజమాన్య కోటా సీట్ల మీద పడింది. ఆ రీయింబర్స్‌మెంటు బకాయిలు పేరుకున్నప్పుడల్లా కాలేజీలు విద్యార్థినే కట్టమంటాయి, సర్టిఫికెట్లు ఆపుతాయి. ఆ ఒత్తిడిలో బయట చేసే చేబదుళ్లు విద్యా రుణాల లెక్కల్లోకి రావు.

బాకీ మొండిదయ్యే క్రమం

వాయిదా తేదీ దాటిన మరునాటి నుంచే బ్యాంకు లెక్క మారుతుంది. మొదటి 30 రోజులు ఒక హెచ్చరిక దశ, 60 రోజుల దాకా రెండోది, 90 రోజుల దాకా మూడోది. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ. ఈ లెక్క కోటి రూపాయల వ్యాపారికీ, 4 లక్షల నర్సింగ్ విద్యార్థినికీ ఒకటే.

అయితే చదువు అప్పు తొలి వాయిదాకు ముందే పెరిగి ఉంటుంది. నాలుగేళ్ల కోర్సుకు ఏటా లక్ష చొప్పున 10 శాతం సాధారణ వడ్డీకి తీసుకున్నారనుకుందాం. కోర్సు తర్వాత ఏడాది మారటోరియం. వడ్డీ రాయితీ లేని కుటుంబమైతే ఐదో ఏడు ముగిసేసరికి 4 లక్షల అసలు మీద 1.4 లక్షల వడ్డీ చేరి, 5.4 లక్షలు అవుతుంది. పదేళ్లలో కట్టాలంటే నెలకు ఏడు వేలు దాటుతుంది. పదిహేనేళ్లకు సాగదీసినా 5,800 రూపాయలు. నెలకు 15 వేల జీతంతో హైదరాబాదులో గది అద్దె కట్టుకుని బతికే కుర్రవాడు ఇందులో ఏది కట్టగలడు? ఎగవేత అని రాసుకునే వాటిలో ఎన్నో అసలు మొదలే కాని చెల్లింపులు.

ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 2020 డిసెంబరు ఆఖరుకు విద్యా రుణాల్లో 9.55 శాతం మొండిబాకీలు. 2025 నాటికి ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ఇది 2 శాతం దగ్గరకు వచ్చింది. మెరుగుపడిన మాట నిజమే. కానీ ఈ శాతం మూడు కారణాల వల్ల తగ్గవచ్చు. బాకీలు వసూలై ఉండొచ్చు. పాత బాకీలను పుస్తకాల్లోంచి రైటాఫ్ చేసి ఉండొచ్చు. విదేశీ చదువులకిచ్చిన పెద్ద అప్పులు పెరిగి మొత్తం ఉబ్బి ఉండొచ్చు. మూడోదే ఎక్కువగా జరిగితే శాతం తగ్గినా పాత బాకీదారు పరిస్థితిలో తేడా ఏమీ ఉండదు. రైటాఫ్ అయిన బాకీ బ్యాంకు పుస్తకంలోంచి పోతుంది, మనిషి మెడ మీదే ఉంటుంది. అతని క్రెడిట్ రిపోర్టులో అన్నిటికన్నా చెడ్డ గుర్తు అదే.

వాదాలు

బ్యాంకర్ల వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అది డిపాజిటర్ల డబ్బు. కొలువులు దొరికి, విదేశాల్లో స్థిరపడి కూడా కట్టనివారు ఉన్నారు. అన్నిటికన్నా బలమైన మాట ఇంకొకటి: పాత బాకీలు రాని బ్రాంచిలో మేనేజరు తర్వాతి పేద విద్యార్థి దరఖాస్తును పక్కన పెడతాడు. ఒకరి ఎగవేతకు శిక్ష అనుభవించేది అతనికి తెలియని మరొకరు. ఈ వాదం కుప్పకూలేది ఆచరణలో. తనఖా ఆస్తిని కోర్టుకు వెళ్లకుండా జప్తు చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం, తనఖా లేని 4 లక్షల అప్పుకు పనికిరాదు. 20 లక్షల లోపు బాకీలకు రుణ వసూలు ట్రిబ్యునల్ (డీఆర్‌టీ) తలుపు తెరుచుకోదు. సివిల్ కోర్టుకు వెళితే ఖర్చే ఎక్కువ. దాంతో బ్యాంకులు బాకీల కట్టలను ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలకు తక్కువ ధరకు అమ్మే దారి పట్టాయి. 2016 ప్రాంతంలో తమిళనాడులో ఇది పెద్ద నిరసనకు దారి తీసింది. బ్యాంకు ఆ తగ్గింపును విద్యార్థికే ఇవ్వొచ్చు కదా అని నిరసనకారులు అడిగిన ప్రశ్నకు నేటికీ సరైన జవాబు రాలేదు.

మాఫీ వాదానికి రైతు రుణమాఫీలు చూసిన తెలుగు నేలలో సహజంగానే ఆదరణ ఉంది. 2014 మధ్యంతర బడ్జెట్‌లో నాటి ఆర్థిక మంత్రి చిదంబరం, 2009 మార్చి 31 లోపు తీసుకున్న విద్యా రుణాల మీద 2013 ఆఖరు దాకా పడిన వడ్డీ బకాయిని కేంద్రం భరిస్తుందని, అందుకు 2,600 కోట్లు పెట్టి సుమారు 9 లక్షల మందికి మేలు చేస్తామని ప్రకటించారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ మ్యానిఫెస్టో, ఆ ఏడాది మార్చి 15 నాటి విద్యా రుణ బకాయిలన్నీ రద్దు చేస్తామంది. చదువు సమాజానికి కూడా లాభమే కాబట్టి నష్టంలోనూ సమాజం పాలు పంచుకోవాలన్నది ఇందులోని న్యాయం. పస్తులుండి వాయిదాలు కట్టినవారికి ఇందులో ఏమీ దక్కకపోవడం ఒక లోపం. మాఫీ ప్రకటనల్లో క్రెడిట్ రికార్డు ఊసు లేకపోవడం అంతకన్నా పెద్ద లోపం. బాకీ పోయినా మచ్చ ఉంటే, మాఫీ పొందినవాడు రేపు బండి కొనుక్కోవడానికి కూడా వడ్డీ వ్యాపారి దగ్గరికే పోవాలి.

ఈ రెండింటి నడుమ కేరళ 2017లో మరో దారి పట్టింది. 900 కోట్లతో మొదలైన చెల్లింపు సహాయ పథకంలో, బాకీ పడని ఖాతాలకు మొదటి ఏడాది వాయిదాల్లో 90 శాతం ప్రభుత్వం కడుతుంది. ఆ వాటా ఏటేటా తగ్గుతూ నాలుగో ఏటికి 25 శాతానికి దిగుతుంది. ఉద్యోగం దొరికే తొలి రోజుల్లోనే ఊపిరాడదు కాబట్టి అక్కడే ఎక్కువ చేయూత అన్నమాట. బాకీ పడిన చిన్న అప్పుల్లో కూడా ప్రభుత్వం ఒక వాటా భరించి, మిగతాది విద్యార్థి కట్టేలా చేసింది. సాయం, బాధ్యత రెండూ ఒకేచోట ఉన్న ఆలోచన ఇది. మిగతా రాష్ట్రాలు దీన్ని పట్టించుకోవాల్సినంతగా పట్టించుకోలేదు.

నాలుగో వాదం విదేశాల నుంచి వచ్చింది. ఆస్ట్రేలియా 1989 నుంచి, ఆ తర్వాత బ్రిటన్, చదువు అప్పును ఆదాయానికి కట్టేశాయి. జీతం ఒక స్థాయి దాటితేనే పన్నుతోపాటు వాయిదా కోస్తారు. దాటకపోతే బాకీ పడ్డట్టు లెక్క కాదు. బ్రిటన్‌లో కొన్ని దశాబ్దాల తర్వాత మిగిలింది రద్దవుతుంది కూడా. అక్కడ డిఫాల్ట్ అన్న సమస్యే చాలావరకు పుట్టదు. ఇక్కడ దీన్ని యథాతథంగా తేలేం. ఆదాయపు పన్ను పరిధిలో ఉన్నవారు తక్కువ, రికార్డుల్లోకి ఎక్కని జీతాలు ఎక్కువ. అయినా పీఎఫ్ ఖాతా, పాన్ నంబరు ఉన్నవారి వరకైనా ఎందుకు ప్రయత్నించకూడదన్న వాదనలో పస ఉంది.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే, వసూలు వాదం రేపటి విద్యార్థిని కాపాడాలనుకుని నేటి విద్యార్థిని వదిలేస్తుంది. మాఫీ వాదం నేటి బాకీదారును ఆదుకుని, రేపటి అప్పు దొరకడాన్ని కష్టం చేస్తుంది. కేరళ పద్ధతి ఖజానాను అడుగుతుంది, ఆదాయ పద్ధతి యంత్రాంగాన్ని అడుగుతుంది. దెబ్బతిన్న క్రెడిట్ రికార్డును ఎలా బాగుచేయాలో వీటిలో ఏదీ నేరుగా చెప్పదు.

రికార్డు బాగుపడే మార్గాలు, వాటి పరిమితులు

ఈ విషయంలో అమెరికాతో పోలిక ఆలోచింపజేస్తుంది. అక్కడి ఫెడరల్ విద్యా రుణం 270 రోజులు కట్టకపోతే డిఫాల్ట్. ఆ తర్వాత కోర్టు తీర్పు లేకుండానే జీతంలోంచి కోయగలరు. 1991 నుంచి ఆ బాకీకి కాలపరిమితి లేదు. దివాలా తీసినా వదిలించుకోవడం దాదాపు అసాధ్యం. అంత కఠినమైన చట్టంలోనే ఒక మెట్టు కూడా ఉంది: ఆదాయాన్ని బట్టి నిర్ణయించిన వాయిదాలు పది నెలల్లో తొమ్మిది సక్రమంగా కడితే అప్పు డిఫాల్ట్ నుంచి బయటపడుతుంది. డిఫాల్ట్ అన్న గుర్తు క్రెడిట్ రిపోర్టులోంచి తొలగుతుంది. అంతకుముందటి ఆలస్యాల చిట్టా మాత్రం ఉంటుంది. అక్కడి గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ దారి అందుబాటులో ఉంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లినవారికి ఫెడరల్ రుణమే రాదు కాబట్టి ఈ మెట్టు వారికి లేదు.

మన దగ్గర పరిస్థితి తలకిందులుగా ఉంది. తనఖా లేని అప్పు మీద దావాకు మూడేళ్ల కాలపరిమితి ఉంది. కానీ కాలం చెల్లిన బాకీకి కూడా రికార్డులో మచ్చ పోదు. పైగా గడువు లోపల చిన్న మొత్తం కట్టినా, బాకీ ఉన్నట్టు రాతపూర్వకంగా ఒప్పుకున్నా ఆ మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. అక్కడ బాకీ చావదు, తిరిగొచ్చే మెట్టు మాత్రం చట్టంలో రాసి ఉంది. ఇక్కడ బాకీ కాలంతో బలహీనపడొచ్చు, తిరిగొచ్చే మెట్టు మాత్రం ఎవరూ రాయలేదు.

రాయని చోట ఉన్నవల్లా బేరసారాలే. 90 రోజులు దాటకముందే బ్యాంకుకు లేఖ రాసి, గడువును 15 ఏళ్ల దాకా పెంచమనో వాయిదా మొత్తాన్ని మొదట్లో తగ్గించమనో అడగడం అన్నిటికన్నా లాభదాయకం. ఎందుకంటే రికార్డు ఇంకా పాడవలేదు. చాలామంది ఈ దశలోనే సిగ్గుతో, భయంతో బ్యాంకు ఫోను ఎత్తడం మానేస్తారు. ఖాతా ఎన్‌పీఏ అయ్యాక మొదట తెలుసుకోవాల్సింది బాకీ ఎవరి చేతిలో ఉందన్నది: బ్యాంకు దగ్గరా, కొనుక్కున్న కంపెనీ దగ్గరా? ఆ తర్వాత పూర్తి ఖాతా వివరం. జరిమానాను వడ్డీలా పెంచి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పాత ఖాతాలకూ 2024 జూన్ ఆఖరులోగా ఇది అమలు కావాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదు. ఈ రెండు నియమాలు తెలిసిన బాకీదారు బేరానికి కొంత బలంతో కూర్చుంటాడు.

ఓటీఎస్ (ఒకేసారి కొంత కట్టి బాకీ తెంచుకునే రాజీ) విషయంలోనే ఎక్కువ మంది మోసపోతున్నారు. తక్కువకు తెగ్గొట్టుకుంటే బాకీ తీరుతుంది గానీ, రిపోర్టులో ఆ ఖాతా పూర్తిగా కట్టి మూసినట్టు కాకుండా రాజీతో ముగిసినట్టు నమోదవుతుంది. తర్వాతి అప్పు ఇచ్చేవాడికి అది ఎర్రజెండాయే. 2023 జూన్ నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, రాజీ పడ్డ వ్యక్తికి ఆ బ్యాంకు కొత్త అప్పు ఇవ్వాలంటే వ్యవసాయేతర రుణాల్లో కనీసం 12 నెలలు ఆగాలి. కాబట్టి చేతిలో డబ్బు ఉంటే పూర్తిగా కట్టి మూయడమే మేలు. లేకపోతే రాజీయే గతి. అప్పుడైనా మొత్తం, గడువు, బ్యూరోలకు ఏమని పంపుతారన్నది మూడూ కాగితం మీద ఉండాలి. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమాన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. ఆ రాజీలో ఒప్పుకున్న వాయిదా తప్పితే నేరుగా అమలు పిటిషనే.

ఇక రికార్డు సంగతి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. కట్టేసిన బాకీ ఇంకా బాకీగానే కనిపించడం తరచూ ఎదురయ్యే తప్పు. 2024 ఏప్రిల్ 26 నుంచి, ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం రావాలి. క్రెడిట్ బ్యూరోల మీద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసే వీలు 2022 సెప్టెంబరు నుంచి ఉంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకోసారి కాక పదిహేను రోజులకోసారి సమాచారం పంపుతున్నాయి కాబట్టి కట్టిన డబ్బు ఫలితం కూడా త్వరగా కనబడాలి. స్కోరు పెంచుతామంటూ డబ్బు అడిగే ఏజెన్సీలు న్యాయబద్ధంగా చేయగలిగిందంతా ఈ ఫిర్యాదే. అది ఎవరికి వారు ఉచితంగా చేసుకోగలరు. నిజమైన చెడు రికార్డును ఎవరూ చెరపలేరు. రిపోర్టులో చివరి 36 నెలల చెల్లింపుల తీరు నెలవారీగా కనిపిస్తుంది కాబట్టి, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద తీసుకున్న చిన్న క్రెడిట్ కార్డునైనా క్రమం తప్పకుండా కడుతూ పోవడమే మందు. ఆ మందు నెలల్లో పనిచేయదు, ఏళ్లు పడుతుంది.

ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేస్తే సరి అని మన ఊళ్లలో వినిపించే సలహా గురించీ చెప్పుకోవాలి. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద అది ఇప్పటికీ సాధ్యమే. కానీ దాని స్థానంలోకి రావాల్సిన 2016 దివాలా స్మృతి, మినహాయించిన బాకీల జాబితాలో జరిమానా, భరణంతో పాటు విద్యా రుణాన్నీ చేర్చింది. సాధారణ వ్యక్తులకు సంబంధించిన ఆ భాగం ఇంకా అమల్లోకి రాలేదు. వచ్చిన నాడు వ్యాపారంలో మునిగినవాడికి ఉన్న విముక్తి చదువుకుని ఉద్యోగం దొరకనివాడికి ఉండదు. పార్లమెంటులో దీని మీద జరగాల్సినంత చర్చ జరగలేదన్నది నా నిశ్చితాభిప్రాయం.

కోర్టులు రెండు దారుల్లో

కేరళ హైకోర్టు 2020లో, తల్లిదండ్రుల క్రెడిట్ స్కోరు బాగాలేదని విద్యా రుణం నిరాకరించకూడదని చెప్పింది. చూడాల్సింది చదువు తర్వాత విద్యార్థి కట్టగలడా లేదా అన్నదేనంది. 2023 మే నెలలో అదే కోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, విద్యార్థి స్కోరే తక్కువగా ఉన్నా బ్యాంకులు మానవీయంగా చూడాలని, చదువుకునే వీరే రేపటి దేశ నిర్మాతలని గుర్తుచేసింది. మద్రాసు హైకోర్టు 2025లో మరో సందర్భంలో, చెడ్డ క్రెడిట్ చరిత్ర కారణంగా ఒక బ్యాంకు ఉద్యోగ నియామకాన్ని రద్దు చేయడాన్ని సమర్థించింది. ప్రజల డబ్బుతో పనిచేసేవారికి ఆర్థిక క్రమశిక్షణ ఉండాలన్నది అక్కడి తర్కం.

విడివిడిగా చూస్తే రెండూ సబబే. కలిపి చూస్తే విద్యార్థి ఇరుక్కుంటాడు. ఉద్యోగం రాక బాకీ పడతాడు, బాకీ పడ్డందుకు ఉద్యోగం రాదు. బ్యాంకు నియామక ప్రకటనల్లో సిబిల్ షరతులు కనిపిస్తున్న ఈ కాలంలో, ఉద్యోగం లేని రోజుల్లో పడిన విద్యా రుణ బాకీని తక్కిన బాకీల నుంచి వేరు చేసి చూడాలని చెప్పే నిబంధన అవసరం. క్రెడిట్ చరిత్రే లేదన్న కారణంతో తొలిసారి అప్పు అడిగేవారిని తిప్పి పంపకూడదని 2025లో రిజర్వు బ్యాంకు, ఆర్థిక శాఖ స్పష్టం చేశాయి. అలాంటి స్పష్టత తొలి అప్పులోనే తడబడ్డవారి గురించి ఇంకా రాలేదు.

తేలనివి

అన్నిటికన్నా ముందున్న ప్రమాదం విదేశీ చదువుల అప్పు. ఇందులో పెద్ద భాగం ఇప్పుడు బ్యాంకేతర సంస్థలదే. 30, 40 లక్షల అప్పుకు హైదరాబాదులోనో విజయవాడలోనో ఇల్లు తనఖా ఉండొచ్చు. అమెరికాలో కొలువు దొరకక, వీసా గడువు ముగిసి తిరిగొచ్చిన విద్యార్థి డాలర్లలో సంపాదిస్తానన్న లెక్కతో తీసుకున్న బాకీని రూపాయి జీతంతో కట్టాలి. తనఖా ఉన్న 20 లక్షలు, ఆపై అప్పులకు పెద్ద బ్యాంకేతర సంస్థలు కూడా సర్ఫేసీ చట్టం వాడగలవు. ఇక్కడ పోయేది స్కోరు ఒక్కటే కాదు, తల్లిదండ్రుల నివాసం కూడా. కేంద్రం ఇచ్చే 75 శాతం హామీ 7.5 లక్షల దాకా తీసుకున్న చిన్న అప్పులకే. ఇంటి మీద తెచ్చిన పెద్ద అప్పుకు ఆ రక్షణ లేదు.

సహ రుణగ్రహీతల సంగతి రెండోది. కొడుకు బాకీ తండ్రి రికార్డులోనూ ఎక్కుతుంది. అదే తండ్రి ఖరీఫ్‌కు పంట రుణం కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు ఆ మచ్చ ఎదురొస్తుంది. పిల్లవాడు కట్టడం మొదలుపెట్టాక కూడా తల్లిదండ్రులను ఎంతకాలం ఆ మచ్చ కింద ఉంచాలన్నదానికి ఇప్పుడు జవాబు లేదు.

మూడోది, తిరిగొచ్చే మెట్టు ఎవరు రాయాలన్నది. ఇది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఆదాయాన్ని బట్టి తగ్గించిన వాయిదాలు వరుసగా పన్నెండు కట్టినవారి ఖాతాను మామూలు ఖాతాగా మార్చడం, జరిమానాలు తీసేయడం, రాజీ లేదా రైటాఫ్ గుర్తును పునరుద్ధరించినట్టుగా నమోదు చేయడం, సహ రుణగ్రహీతను ముందుగా విడిపించడం. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ తన మాదిరి పథకంలో చేర్చి, రిజర్వు బ్యాంకు బ్యూరోలకు ఆదేశిస్తే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు. బ్యాంకర్లు చెప్పే క్రమశిక్షణకు ఇది విరుద్ధం కాదు. కట్టినవారికే దక్కుతుంది కాబట్టి మాఫీ మీద ఉన్న అభ్యంతరమూ దీనికి వర్తించదు.

పీఎం విద్యాలక్ష్మి కింద 2024-25లో నాలుగేళ్ల కోర్సులో చేరిన విద్యార్థి 2028లో బయటికొస్తాడు. ఏడాది మారటోరియం తీసేస్తే అతని తొలి వాయిదా 2029లో పడుతుంది. ఈ నియమాలు రాయడానికి మనకున్న వ్యవధి అంతే.